చిన్న లూథరన్ సెమినరీలో ప్రిన్సిపాల్ మారినప్పుడు, ఊళ్లలో బైబిలు తరగతులు నడిపేటప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇరవై ముప్పై మంది విద్యార్థులు, నలుగురైదుగురు అధ్యాపకులతో నడిచే సెమినరీల (పాస్టర్లను తయారుచేసే బడుల) బోర్డు సభ్యులకు, సంఘ పెద్దలకు, కొత్తగా కుర్చీలో కూర్చోబోయేవారికి పనికొచ్చే సంగతులు ఇవి. మీ సంస్థ బైలాస్‌లో (నియమావళిలో) వేరేగా రాసి ఉంటే అదే చెల్లుతుంది. ముందు ఆ పుస్తకం ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. చాలాచోట్ల అసలు ప్రతి దొరకదు, అయిదోసారి తీసిన జిరాక్సే మిగిలి ఉంటుంది.

గుంటూరు లూథరన్లు, తిరుపతి లూథరన్లు ఒకటేనా?

విశ్వాసం ఒకటే, పుట్టుక వేరు. గుంటూరు పని 1842 జులై 31న అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హయ్యరు అయ్యగారి రాకతో మొదలై, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది. మన వైపు వచ్చింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్. 1865లో ఆగస్ట్ మిలియస్ మొదలుపెట్టిన పని సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, తిరుపతి వైపు పాకింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ మిషనరీల చేయి తప్పి, పని అమెరికన్ లూథరన్ల చేతికొచ్చింది. 1945లో సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి ఏర్పడింది, దాని కేంద్రం తిరుపతి. చిత్తూరు, మదనపల్లె వైపు పాత పని ఆర్కాట్ మిషన్‌ది, అది తర్వాత సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిసింది. అందుకే ఇక్కడి సెమినరీ తరగతిలో లూథరన్ పిల్లల పక్కన సీఎస్ఐ, బాప్టిస్టు పిల్లలూ కూర్చుంటారు. నాయకత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ప్రిన్సిపాల్‌ని నియమించేది బిషప్పా, బోర్డా?

సాధారణంగా నియమించేది బోర్డు. కానీ ప్రిన్సిపాల్ అభిషిక్తుడైన పాస్టరయితే ఆయన్ని ఆ పనికి విడుదల చేయాల్సింది సంఘం. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అధికరణం ప్రకారం క్రమమైన పిలుపు లేకుండా ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించకూడదు. అంటే రెండు కాగితాలు కావాలి: బోర్డు ఇచ్చే నియామక ఉత్తర్వు, సంఘం ఇచ్చే పిలుపు పత్రం. రెండింటిలోనూ కాలపరిమితి ఒకేలా ఉండాలి. బోర్డు ఐదేళ్లని, సంఘం మూడేళ్లని రాస్తే మూడో ఏడాది చివర బదిలీ ఉత్తర్వు వస్తుంది. పరీక్షల ముందు ప్రిన్సిపాల్ సామాను సర్దుకుంటాడు. ఇది అరుదేమీ కాదు. 'విద్యాసంవత్సరం మధ్యలో బదిలీ చేయరాదు' అన్న ఒక్క వాక్యం పిలుపు పత్రంలో రాయించుకుంటే చాలు.

ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి?

మే 31న పదవి ఖాళీ అవుతుందనుకుంటే, అంతకు ముందు ఏడాది జులై సమావేశంలోనే తీర్మానం జరగాలి. ఆగస్టుకల్లా ఎంపిక కమిటీ. ఏడుగురు చాలు: బోర్డు నుంచి ముగ్గురు, అధ్యాపకుల నుంచి ఒకరు, పూర్వ విద్యార్థుల నుంచి ఒకరు, స్త్రీల సమాజం నుంచి ఒకరు, బయటి సెమినరీలో పాఠం చెప్పే ఒకరు. ఆ చివరి మనిషిని తప్పించకండి. చుట్టరికం, పాత మిషన్ ఫీల్డు లెక్కలు లేకుండా అభ్యర్థి చదువు గురించి అడిగేది ఆయనొక్కరే. దిగిపోతున్న ప్రిన్సిపాల్ కమిటీలో ఉండకూడదు. కమిటీ అడిగితే వచ్చి మాట్లాడి వెళ్లాలి.

దరఖాస్తులకు నవంబరు దాకా గడువు, జనవరిలో ఇంటర్వ్యూలు, ఫిబ్రవరిలో బోర్డు నిర్ణయం. మార్చి, ఏప్రిల్ సంఘం విడుదల ఉత్తర్వు కోసం. దానికి రెండు నెలలు పడుతుందనే అనుకోండి. ఇంటర్వ్యూలో అభ్యర్థి చేత ఒక పాఠం చెప్పించండి, ఒక పాత బడ్జెట్ చేతికిచ్చి ఇందులో తప్పేముందో చెప్పమనండి. ఈ రెండో పరీక్షలో చాలామంది నీళ్లు నములుతారు.

ఇంకో మాట: బయటి ఊళ్ల సభ్యులు రావలసిన సమావేశం తిరుమల బ్రహ్మోత్సవాల రోజుల్లో పెట్టకండి. గది దొరకదు, బస్సులో సీటు దొరకదు, చివరికి కోరం దొరకదు.

తాత్కాలిక ప్రిన్సిపాల్‌ని పెట్టుకుంటే నష్టమేంటి?

ఆరు నెలలు దాటనంతవరకు నష్టం లేదు. ఉత్తర్వులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏ తేదీ దాకా, ఎంత మొత్తం దాకా ఖర్చు పెట్టొచ్చు, ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోవచ్చా తీయొచ్చా. మూడోదానికి జవాబు 'వీల్లేదు' అని ఉండటమే మేలు. తాత్కాలిక ప్రిన్సిపాలే ఆ పదవికి అభ్యర్థి అయితే ఎంపిక ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే అభ్యర్థి కానివాడినే కూర్చోబెట్టండి.

అప్పగింత రోజు ఏమేం చేతులు మారాలి?

చిన్న సెమినరీలు దెబ్బతినేది ఎంపికలో కాదు, ఇక్కడ. శాలువా, పూలదండ, భోజనం అయిపోయాక తాళంచెవుల గుత్తి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అసలు అప్పగింత ఒక్క రోజులో అయ్యే పని కాదు. పాత, కొత్త ప్రిన్సిపాళ్లు కనీసం 15 రోజులు పక్కపక్కన కూర్చోవాలి. ఒక జాబితా రాసి, ప్రతి వస్తువుకీ ఇద్దరూ, ఒక బోర్డు సభ్యుడూ సంతకం చేయాలి. మూడు ప్రతులు తీయాలి.

ముందు భూమి కాగితాలు. దస్తావేజు అసలుదేనా, జిరాక్సా? తాజా ఈసీ తీయించి సర్వే నంబర్లు సరిచూడండి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. ఎస్పీడీసీఎల్ బిల్లు ఇప్పటికీ ఎప్పుడో వెళ్లిపోయిన పాత మేనేజరు పేరుతో వస్తుండొచ్చు.

తర్వాత విద్యార్థుల కాగితాలు: అడ్మిషన్ రిజిస్టరు, మార్కుల రిజిస్టర్లు, టీసీ పుస్తకం. మార్కుల రిజిస్టరులో ఆఖరి పేజీ నంబరు జాబితాలో రాయండి. తర్వాత ఎవరైనా పేజీ చేర్చితే తెలిసిపోతుంది. ఆఫీసు బీరువాలో పిల్లల అసలు సర్టిఫికెట్లు ఉంటే ఆ వారంలోనే తిరిగి ఇచ్చేసి సంతకం తీసుకోండి. వాటిని దాచుకోవడం వల్ల సెమినరీకి ఒరిగేదేమీ లేదు, పోగొడితే మాత్రం తీర్చలేని నష్టం.

లైబ్రరీలో మొత్తం లెక్కపెట్టే సమయం లేకపోతే యాక్సెషన్ రిజిస్టరులోంచి (పుస్తకాలకు నంబరు వేసి రాసే పుస్తకంలోంచి) వంద నంబర్లు ఎక్కడెక్కడివో తీసి అలమారలో వెతకండి. కనబడని పుస్తకాలు ఐదారు దాటితే మొత్తం లెక్క తప్పదు.

ఈ కాలంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఫోన్లది. సెమినరీ ఈమెయిల్ పాత ప్రిన్సిపాల్ సొంత నంబరుతో తెరిచి ఉంటుంది. బ్యాంకు ఓటీపీ కోశాధికారి ఫోనుకు పోతుంది. ఛాపెల్ గోడకు అంటించిన ఫోన్‌పే స్కానర్ ఎవరి ఖాతాకు కలిపి ఉందో ఎవరూ చూడరు. అప్పగింతకు నెల ముందే సంస్థ పేరున ఒక సిమ్ తీసుకుని ఈమెయిల్, ఆదాయపు పన్ను పోర్టల్, బ్యాంకు అలర్టులు దానికి మార్చండి. స్కానర్ మీద పది రూపాయలు పంపి, ఏ పేరు వస్తుందో చూడండి.

కొత్త ప్రిన్సిపాల్ సంతకం చెల్లాలంటే ఎక్కడెక్కడ తెలియజేయాలి?

బ్యాంకుతో మొదలుపెట్టండి. బోర్డు తీర్మానం నకలు, కొత్త కమిటీ జాబితా, కొత్తవారి పాన్, ఆధార్, ఫోటోలు, నమూనా సంతకాలు కావాలి. శాఖను బట్టి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా జీతాలు, మెస్ సరుకుల బిల్లు ఆగకుండా పాతవారి సంతకంతోనే నెలాఖరు చెల్లింపులు ముందే చేసేయండి. అంతేగానీ పాత ప్రిన్సిపాల్ చేత ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుని దాచుకోవద్దు. 'మన అయ్యగారే కదా' అనుకునే చోటే ఇది జరుగుతుంది, మునిగేదీ అక్కడే. ఎప్పటికైనా ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండే పద్ధతే మంచిది.

సొసైటీగా నమోదైన సంస్థ అయితే, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కమిటీ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఏళ్ల తరబడి దాఖలు చేయకుండా, గొడవొచ్చిన రోజు పరుగెత్తితే ఏ కమిటీ అసలుదో తేల్చడం కష్టం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది కాబట్టి మీ ఫైలు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉందో ముందు కనుక్కోండి.

విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే మరింత జాగ్రత్త. ప్రిన్సిపాల్ హోదా రీత్యా కార్యదర్శో, కమిటీ సభ్యుడో అయితే ఆ మార్పును ఎఫ్‌సీ-6ఈ ఫారంలో 45 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆయన వట్టి ఉద్యోగి అయితే అక్కర్లేదు. విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో మీ ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే చెల్లుతుంది. ఆ గడువు తేదీని అప్పగింత జాబితా మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయండి.

వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్‌కు అనుబంధంగా ఉంటే సెనేట్ రిజిస్ట్రారుకు కొత్త ప్రిన్సిపాల్ నియామక పత్రం, నమూనా సంతకం పంపండి. పరీక్ష దరఖాస్తుల సమయానికి ఇది చేరకపోతే ఇబ్బంది పడేది పిల్లలు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రధాన బాధ్యుడి వివరాలు, పీఎఫ్ ఉంటే అక్కడి సంతకదారు కూడా మారాలి. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట మహిళల ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండాలి. దాని సభ్యుల గడువు మూడేళ్లకు మించదు. కొత్త ప్రిన్సిపాల్ వచ్చిన వారంలో ఆ ఉత్తర్వు గోడ మీద ఉందో లేదో చూడాలి.

రెండు వర్గాలై కోర్టుకెళ్తే తరగతులు ఏమవుతాయి?

సొసైటీ నిర్వహణ వివాదాల్లో మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లే దారి 2001 చట్టంలోనే ఉంది. మన లూథరన్ సంఘాల్లో స్టే ఉత్తర్వు అన్న మాట సండే స్కూలు పిల్లలకీ తెలుసు. ఆ రోజులు రాకముందే బైలాస్‌లో ఒక నిబంధన చేర్చండి: వివాదం నడిచినంతకాలం హాజరు, అంతర్గత మార్కులు, మెస్ ఖర్చు అధ్యాపకుల కౌన్సిల్ చేతిలో ఉంటాయని.

స్త్రీ ప్రిన్సిపాల్ కావచ్చా?

బైలాస్‌లో 'అభిషిక్తులై ఉండాలి' అని ఉంటే, మీ సంఘం స్త్రీలకు అభిషేకం ఇస్తుందా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ మాట లేకపోతే అడ్డేమీ లేదు. పక్కనే సీఎస్ఐ నంద్యాల డయాసిస్‌కు 2013లో ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సెమినరీ కుర్చీ అంతకంటే పెద్దదేం కాదు.

పాత ప్రిన్సిపాల్ క్యాంపస్ క్వార్టర్స్‌లోనే ఉంటానంటే?

మూడు నెలల గడువు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయనకు రావలసినవి ఆలస్యం చేసి ఇల్లు ఖాళీ చేయమనడం మర్యాద కాదు. గ్రాట్యుటీ వర్తించే సంస్థల్లో ఐదేళ్ల సర్వీసు నిండినవారికి చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయాలి. నెలకు 26,000 జీతంతో 12 ఏళ్లు చేసినవారికి 1,80,000 రూపాయలు. ఈ డబ్బు ముందునుంచీ విడిగా దాచని సెమినరీయే క్వార్టర్స్ గొడవలో ఇరుక్కుంటుంది. మొదటి ఏడాది ఆయన్ని పాఠాలకు పిలవకపోవడం మంచిది. రెండో ఏడాది తప్పక పిలవండి.

ఊరి తరగతులంటే వారం మధ్య ప్రార్థన కూటమేనా?

కాదు. కూటంలో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వింటారు. ఇక్కడ అందరూ ప్రశ్న అడగాలి, జవాబు వెతకాలి. లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసింది ఇంటి పెద్దలు ఇంట్లోవాళ్లకు నేర్పాలని. ఒక ఆజ్ఞ, దాని కింద 'దీని భావమేమి?', జవాబు. బెంజమిన్ షుల్జ్ దాన్ని తెలుగు చేస్తే 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగు పుస్తకాలు అచ్చులో అరుదుగా ఉన్న రోజులవి. అంటే ఈ ప్రశ్న-జవాబు పద్ధతి మనకు కొత్తది కాదు, మధ్యలో వదిలేసింది.

ఒక తరగతి ఎలా నడపాలి?

ఎనిమిది నుంచి పన్నెండు మంది. పదిహేను దాటితే రెండు గుంపులు చేయండి. వారానికి ఒక రోజు, 75 నిమిషాలు, 12 వారాలు. కీర్తనకూ ప్రార్థనకూ 10 నిమిషాలు, పోయినవారం సంగతికి 10, వాక్యభాగం రెండుసార్లు నెమ్మదిగా చదవడానికి 10, మూడు ప్రశ్నల మీద మాట్లాడటానికి 30, ప్రశ్నోత్తరి భాగానికి 10, వచ్చేవారం పనికి 5. వాక్యభాగం పది పన్నెండు వచనాలు మించకూడదు. ప్రశ్నల్లో ఒకటైనా ఊరి బతుకు మీద ఉండాలి. 'దొంగిలకూడదు' అన్న ఆజ్ఞ చదివితే పాలల్లో నీళ్ల గురించి, కూలి ఎగ్గొట్టడం గురించి మాట రావాలి.

నాలుగో అయిదో వారంలో సగంమంది మానేస్తారు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. నడిపేవాడు ప్రసంగంలోకి దిగిపోతాడు. ఒక పెద్దమనిషి ప్రతి ప్రశ్నకూ తానే జవాబు చెబుతాడు. చదువు రానివారి చేతికి బైబిలిచ్చి చదవమంటారు, వాళ్లు మళ్లీ రారు. చదవడం ఒకరిద్దరికే ముందుగా అప్పగించండి. చదువు రాని పెద్దమ్మలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పల్లవి నుంచి చివరి చరణం దాకా కంఠతా వస్తాయి, కీర్తన అర్థం వాళ్లచేత చెప్పించండి. ఆ పది నిమిషాలూ వాళ్లే పంతుళ్లు.

చోటు సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. తరగతి ఒకే పల్లెలో పెడితే పక్క పల్లెవాళ్లు రారు, మాలపల్లె అయినా మాదిగపల్లె అయినా. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ పెట్టండి, లేదా బడి వరండా అడగండి. హాజరు పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు చాలు. కులం, బాప్తిస్మం తేదీ రాయించుకోవద్దు, ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు.

ఏ నెలల్లో, ఏ వేళ?

సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసి, వంట చూసుకుని వచ్చేసరికి ఏడు దాటుతుంది. ఏడున్నరకు మొదలుపెడితే పావుతక్కువ తొమ్మిదికి ముగించొచ్చు. ఖరీఫ్ వేరుశనగ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లో, మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని ఉండే జూన్ జులైల్లో కొత్త తరగతి మొదలుపెట్టకండి. సంక్రాంతి తర్వాత వారం నుంచి 12 వారాలు లెక్కేస్తే ఇంచుమించు ఈస్టరుకు చేరుతుంది, శ్రమదినాలు మధ్యలో వస్తాయి. ఇదే సరైన కాలం. సత్యవేడు వైపు యువకులు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో ఉంటారు. వాళ్లకు ఒకే పాఠం వారంలో రెండుసార్లు, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, మామూలు రోజు ఒకసారి పెట్టాలి.

నగరి, సత్యవేడు, కుప్పం పల్లెల్లో తమిళం మాట్లాడే ఇళ్లు ఎక్కువ. పాఠం తెలుగులో చెప్పినా వాక్యభాగం రెండు భాషల్లోనూ చదివించండి.

తరగతి ఎవరు నడపాలి?

రెండో, మూడో ఏడాది విద్యార్థి ఒకరు, ఊరివారు ఒకరు జంటగా. మొదటి నాలుగు వారాలు విద్యార్థి, తర్వాత నాలుగు ఇద్దరూ, చివరి నాలుగు ఊరివారే నడిపి విద్యార్థి వెనక కూర్చోవాలి. విద్యార్థికి ఇది ఫీల్డ్‌వర్క్ మార్కుల్లో కలవాలి, బస్సు ఛార్జీ సెమినరీ ఇవ్వాలి. ఇంకో హెచ్చరిక: తిరుమలలో అన్యమత ప్రచారం 2007 నుంచి చట్టరీత్యా నిషేధం. ఫీల్డ్‌వర్క్ సంచిలో కరపత్రాలతో కొండెక్కకూడదని మొదటి వారంలోనే చెప్పండి.

ఖర్చెవరు పెట్టాలి? విదేశీ నిధి వాడొచ్చా?

ఖర్చు తక్కువే: బస్సు ఛార్జీలు, టీ, నలభై పేజీల పాఠాల పుస్తకం. మొదటి విడత రెండొందల కాపీలకు మించి అచ్చేయకండి, తప్పులు మొదటి తరగతుల్లోనే బయటపడతాయి. విదేశీ నిధి మీ రిజిస్ట్రేషన్ ఉద్దేశాలకు సరిపోతే వాడొచ్చు, కానీ 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే ఊరి సంఘం ఖాతాకు 'తరగతి ఖర్చులకు' అని ఐదువేలు పంపినా తప్పే. సెమినరీయే నేరుగా ఖర్చు చేసి బిల్లు దాచాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. మా మాట వింటే ఊరి తరగతిని అసలు విదేశీ నిధితో ముడిపెట్టొద్దు. టీ ఖర్చు ఊరివాళ్లే పెట్టుకున్న తరగతి ఎక్కువకాలం నిలుస్తుంది.

చివర్లో సర్టిఫికెట్ ఇవ్వొచ్చా?

'పాల్గొన్నారు' అని ఇవ్వండి. డిప్లొమా, డిగ్రీ అన్న మాటలు వాడొద్దు. డెన్మార్క్ రాజు 1827లో ఇచ్చిన చార్టరు మీద నిలిచిన సెరంపూర్‌కు డిగ్రీలిచ్చే హక్కుంది, మీ సెమినరీకి సొంతంగా లేదు. ఇంటి దగ్గరుండి చదవాలనుకునేవారికి సెనేట్‌వే దూరవిద్య కోర్సులున్నాయి, వాటి వైపు దారి చూపండి.

ప్రిన్సిపాల్ మారగానే ఊరి తరగతులు ఎందుకు ఆగిపోతాయి?

అవి పాత ప్రిన్సిపాల్ ఫోనులో ఉంటాయి కాబట్టి. ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో, ఏ పాఠం దాకా వచ్చింది, ఎవరు నడపగలరు అన్నది రాసి ఉండదు. కొత్తాయనకు అది 'ఆయన పని'లా కనిపిస్తుంది, ఊరివాళ్లకు కొత్తాయన పరాయిగా కనిపిస్తాడు. దీనికి మందు రెండు పనులు. ఒకటి, అప్పగింత జాబితాలో ఊరి తరగతులకు ఒక పేజీ: ఊరు, నడిపేవారు, పాఠం నంబరు, ఆఖరిసారి కూడిన తేదీ. రెండు, బోర్డులో ఊరి తరగతుల నుంచి ఎన్నికైన ఇద్దరికి చోటు, బైలాస్‌లో రాసి. ప్రిన్సిపాల్ మారినా ఆ ఇద్దరూ ఉంటారు, ఎంపిక సమయంలో అభ్యర్థిని 'మా ఊరికి ఎప్పుడొస్తారు?' అని అడిగేదీ వాళ్లే.

కొత్త ప్రిన్సిపాల్ మొదటి మూడు నెలల్లో ఏం చేయాలి?

టైంటేబుల్ మార్చొద్దు, గోడల రంగు మార్చొద్దు, ఎవరినీ తీయొద్దు. ఖాతాలు పన్నెండు నెలలు వెనక్కి చదవాలి. వారానికి ఒక ఊరి చొప్పున పన్నెండు తరగతులకు వెళ్లాలి, వేదిక మీద కాక చాప మీద కూర్చోవాలి, ఆ రాత్రికి ప్రసంగం చెప్పమని అడిగితే వద్దనాలి. ఎవరు ఏం అడిగారో తిరుగు బస్సులో నోటుబుక్కులో రాసుకుని, సెప్టెంబరు బోర్డు సమావేశంలో ఆ పుస్తకమే ముందు తెరవాలి.